శైశవమున ఇంద్రియశిక్షణము

(మహాసభ రెండవనాటి యుపన్యాసము)



మన సభలలో విద్యను గుఱించి మాటలాడనివారు లేరు. పాత సంచికలను తిరుగవేసి చూచినచో ప్రతివత్సరమును విద్యార్థి వసతిగృహమును, ఉపకారవేతనములును, పరీక్షలలో ప్రథములైనవారికి పతకములును కనబడును. ఇవి యన్నియు వలసినవే. కాని యా తీర్మానములలో మూడేండ్ల బిడ్డ యెక్కడను కనబడడు. పదవ తరగతి తప్పిన బాలుని గుఱించి వగచు మనము, వాడు మూడవయేట ఏమి ముట్టుకొనెనో, ఏమి వినెనో, ఎవరితో మాటలాడెనో యడుగము. ఈ సంవత్సరము కార్యవర్గమువారు వసతిగృహపు క్రిందియంతస్తులో నొక శిశుపాఠశాలను తెఱువవలెనను ప్రతిపాదనను తెచ్చియున్నారు. రేపటి యుదయము అది చర్చకు రానున్నది. పాఠశాలకు ఏమి కొనవలెనను విషయమున మాత్రము రెండభిప్రాయములు గలవని వింటిని. బొమ్మలాడు తెరపలకలను కొని, మొదటినాటినుండియే యింగ్లీషు అక్షరములు దిద్దింపవలెనని కొందఱు. మాంటిసోరి సామగ్రిని పెట్టెలకు పెట్టెలు తెప్పింపవలెనని మఱికొందఱు. కొనుటకు ముందు ఆ వస్తువులు బిడ్డలో ఏమి పని చేయునో తెలిసికొనుట మంచిది. నేను చెప్పబోవునదంతయు ఈ యొక్క ప్రశ్నను గుఱించియే.

బిడ్డ ఇంద్రియములద్వారా నేర్చుననుట అందఱెఱిగినదే. ఇంద్రియములు ఎట్లు నేర్చుననునది మాత్రము అందఱెఱిగినది కాదు. కన్ను కిటికీ వంటిదనియు, తెఱచియున్నచో వెలుతురు దానంతట నదే లోపలికి వచ్చుననియు మనమనుకొందుము. ఈ తలంపు తప్పని మొదట చూపినవాడు ఒక అడవిబాలుడు.

1800వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమందలి ఆవెయిరాన్ ప్రాంతమున, ఇంచుమించు పండ్రెండేండ్ల బాలుడొకడు అడవినుండి వెలువడెను. మాట రాదు, బట్ట కట్టడు. వానిని పారిసునగరమునకు గొనిపోయి మూగచెవిటివారి విద్యాలయమున నుంచిరి. అచ్చట ఇటార్డు అను యువవైద్యుడు వానికి విక్టరను పేరుపెట్టి, ఐదేండ్లకు పైగా శిక్షణమిచ్చి, తాను చూచినదంతయు రెండు నివేదికలలో వ్రాసెను. వాని చెవివెనుక పిస్తోలు ప్రేల్చినను ఆ బాలుడు తిరిగి చూడలేదు. కాని ప్రక్కగదిలో అక్రోటుకాయ పగిలిన చప్పుడునకు వెంటనే తల త్రిప్పెను. మరుగుచున్న నీటినుండి ఉర్లగడ్డలను వట్టిచేతితో తీసికొని తినెడివాడు. చెవి చెవిటిది కాదు. చర్మము మొద్దుబాఱినది కాదు. అడవిలో పిస్తోలునకు అర్థము లేదు. కాయ పగిలిన చప్పుడునకు అర్థము కలదు. తనకు పనికివచ్చు భేదమునే వాని యింద్రియము గుఱుతించుచుండెను. ఇటార్డు దినదినము వేడినీటి స్నానములు చేయించుచుండగా, కొంతకాలమునకు బాలుడు స్నానమునకు ముందు నీటిని వ్రేలితో ముట్టి చూడసాగెను. చలివేడుల తారతమ్యము అప్పుడు వానికి పుట్టినది. మాట మాత్రము రెండుమూడు పదములను మించి రాలేదు. వానికి పుట్టుకతోనే యేదైన లోపముండెనా, మాటలు వినవలసిన వయస్సు గడచిపోవుటయే కారణమా యను వాదము నేటికిని తేలలేదు.

ఇటార్డు శిష్యుడు సెగ్విను. మందబుద్ధులని విడువబడిన బిడ్డలకు స్పర్శ, చూపు, పలుకు వరుసగా నేర్పు ఉపాయములను ఇతడు వృద్ధిచేసెను. వీరిద్దఱి గ్రంథములను స్వహస్తముతో ప్రతివ్రాసికొని చదివినది మరియా మాంటిసోరి. ఈమె 1870లో నిటలీలో జన్మించి, 1896లో రోమునగరమున వైద్యపట్టమునందినది. ఆ నగరమున సాన్ లొరెంజో అను బీదలపేటలో ఒక సంఘమువారు పాత యిండ్లను బాగుచేయించి కూలిజనమునకు అద్దెకిచ్చియుండిరి. తల్లిదండ్రులు పనికి పోగా పిల్లలు మెట్లమీదను గోడలమీదను చేయు పాడు ఇంతింతగాదు. వారిని పట్టియుంచుటకు ఒక గది యిచ్చి, ఈ వైద్యురాలిని పిలిచిరి. 1907 జనవరి 6వ తేదీన ‘శిశుగృహము’ అట్లు ప్రారంభమైనది. ప్రపంచమున నేడు వేలకొలది పాఠశాలలకు మూలమైనది గోడలు మాయకుండుటకై యిచ్చిన ఒక గది! మన వసతిగృహపు క్రిందియంతస్తును చిన్నచూపు చూచువారు ఈ సంగతిని గమనింతురుగాక.

ఆ గదిలోని వస్తువులలో నొకదానిని వర్ణించెదను. పొడవైన కొయ్యదిమ్మె, దానిలో పది గుంటలు, వానిలో సరిగా నిమిడెడు పది స్తంభికలు, తలపై చిన్న పిడికలతో. స్తంభికలను తీసి, కలిపివేసి, మరల దేని గుంటలో దానిని పెట్టవలెను. ఇంతే ఆట. లావుదానిని సన్నగుంటలో పెట్టబోయినచో అది దిగదు. సన్నదానిని పెద్దగుంటలో పెట్టినచో దిగును. కాని చివరకు ఒకటి మిగిలిపోవును. గురువు ‘తప్పు’ అనవలసిన పనిలేదు, దిమ్మెయే చెప్పును. మూడేండ్ల బాలిక యొకతె ఈ పనిలో మునిగియుండగా, చుట్టునున్న పిల్లలచేత పాటలు పాడించిరట. ఆమె కూర్చున్న కుర్చీని ఆమెతోగూడ ఎత్తి బల్లమీద పెట్టిరట. ఆమె దిమ్మెను ఒడిలో పెట్టుకొని, నలువది మార్లకు పైగా అదే పని చేసి, నిద్రనుండి లేచినదానివలె తృప్తితో తల యెత్తినదట. ఎవరును మెచ్చుకొనలేదు, మిఠాయి యీయలేదు. పిల్లలకు మనసు నిలువదని చెప్పు తల్లిదండ్రులు ఈ సంగతిని ఒకమారు తలపోయవలెను. నిలుపదగిన పని దొరకినచో నిలుచును.

మఱియొక వస్తువు గులాబిరంగు గోపురము. 1 సెంటీమీటరు మొదలు 10 సెంటీమీటర్ల భుజము వఱకు పది ఘనములు. రంగు ఒకటే, కొయ్య ఒకటే, ఆకారమొకటే, పరిమాణము మాత్రమే వేఱు. బిడ్డ దృష్టి మఱియొకవంకకు పోవుటకు దారిలేదు. ఇందులో నొక సూక్ష్మము కలదు. ప్రతి ఘనమునకును తరువాతిదానికిని భేదము సరిగా 1 సెంటీమీటరే. అయినను చిన్నబిడ్డలు 1, 2 ఘనముల యొద్ద పొరపడరు. 8, 9, 10 యొద్దనే పొరపడుదురు. ఏలయన, రెండవది మొదటిదానికి రెట్టింపు; పదవది తొమ్మిదవదానికంటె తొమ్మిదవ వంతు మాత్రమే హెచ్చు. జర్మనీ దేశస్థుడైన వేబరు అను శరీరశాస్త్రజ్ఞుడు 1834లో స్పర్శను గుఱించి ప్రకటించిన గ్రంథమున ఈ నియమమునే చూపెను: ఇంద్రియము భేదమును గాక, భేదముయొక్క పాలును గ్రహించును.

ఈ నియమము మన యిండ్లలో చిరకాలమునుండి తెలిసినదే; పేరు మాత్రము లేదు. 840 గజముల చిలపలు ఒక పౌను బరువునకు ఎన్ని తూగునో అదియే నూలు నంబరు. 20వ నంబరు నూలును 40వ నంబరు నూలును ఎవరైనను వేఱుపఱుపగలరు. 80కిని 100కిని నడుమనున్నదియు ఇరువది నంబరుల భేదమే. కాని, దానిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నలిపి చెప్పవలెనన్నచో మగ్గముమీద కూర్చుండినవాడే కావలెను. అట్టివాని వ్రేలిచర్మము మనకంటె పలుచన కాదు సరికదా, గట్టిపడి కాయలు కాచియుండును. తేడా చర్మములో లేదు. వేలమారులు పోల్చి, తప్పి, దిద్దుకొనిన అలవాటులో కలదు. ఇంద్రియశిక్షణమనగా ఇదియే. కత్తిని సానపట్టినట్లు కన్నును చెవిని పదునుపెట్టుట కాదు, పోల్చుటను నేర్పుట.

పోల్చుటకు మాట తోడుకావలెను. సెగ్విను నేర్పిన మూడంచెల పాఠమును మాంటిసోరి తీసికొనెను. మొదట గురువు వస్తువును ముట్టించి పేరు చెప్పును: ‘ఇది గరుకు. ఇది నునుపు.’ పిమ్మట, ‘గరుకైనది నాకిమ్ము’ అనును. కడపట, ‘ఇది ఎట్లున్నది?’ అని యడుగును. రెండవ అంచెలో బిడ్డ పొరపడినచో దిద్దరు. ఆనాటికి పాఠమును విడిచి మఱియొకనాడు మొదటినుండి చెప్పుదురు. మన పంతుళ్లు మొదటి రెండంచెలను దాటవేసి, మూడవదానినే బెత్తముతో ప్రారంభించుట వాడుక.

ఈ యనుభవములకు మన భాషలో నెన్ని మాటలున్నవో యోచింపుడు. గరుకు, నునుపు, జిగట, మెత్తన, పెళుసు. చల్లన, గోరువెచ్చన, వెచ్చన, వేడి. ఉగాదినాటి పచ్చడి యొక రుచిపాఠము. ఆఱు రుచులు ఒక్క దొప్పలో! మామిడిపిందె కొఱికిన బిడ్డకు ‘వగరు’ అను మాట అప్పుడే దొరకవలెను. నాలుక ముడుచుకొనియుండగానే దొరకవలెను. మూడవయేటనే మనము వానిని ఆపిల్ పండు బొమ్మముందు కూర్చుండబెట్టి, ముట్టని, కొఱుకని, వాసన చూడని యా పండుపేరు నూఱుమారులు వల్లెవేయించుచున్నాము. ఇంగ్లీషు నేర్వవలదని నేననుట లేదు. నా పిల్లలును నేర్చిరి. అనుభవమున్న భాషలో మాట ముందు కుదురుకొనవలెననియే నా విన్నపము.

చెవి విషయము మఱింత విచిత్రమైనది. మన ‘ట’కును ‘త’కును గల భేదము ఇంగ్లీషువారి చెవికి అందదు. కెనడా దేశమున వెర్కరు, టీసు అను నిరువురు పరిశోధకులు 1984లో ఒక సంగతిని ప్రకటించిరి. ఇంగ్లీషు మాటలాడు ఇండ్లలోని ఆఱెనిమిది నెలల శిశువులు హిందీలోని ఈ రెండు ధ్వనులను చక్కగా వేఱుపఱచిరి. పది పండ్రెండు నెలల ప్రాయమువారు పెద్దలవలెనే వేఱుపఱుపలేకపోయిరి. అనగా, బిడ్డ తొలియడుగు వేయునాటికే చెవి తన యింటిభాషకు అమరిపోవుచున్నది. వినినది నిలుచును; విననిది జాఱిపోవును. ‘ల’, ‘ళ’ల భేదమును, ‘న’, ‘ణ’ల భేదమును బడిలో నేర్పుదమనుకొనువారు ఊయలయొద్దనే ప్రారంభింపవలసియున్నది.

అట్లయిన తెరపలకతో వినిపింపరాదా యని ప్రశ్న రావచ్చును. దీనికిని సమాధానము కలదు. అమెరికాలో ప్యాట్రీషియా కూల్ అను నామెయు ఆమె తోడివారును తొమ్మిది నెలల శిశువులకు చీనాభాష వినిపించిరి. ఎదుట కూర్చుండి ఆడించుచు మాటలాడిన మనిషివలన, పండ్రెండు కూర్పులలో, శిశువులు ఆ భాషాధ్వనుల భేదమును నిలుపుకొనిరి. అదే మనిషిని, అవే మాటలను, తెరమీద చూపగా ఏమియు నేర్వలేదు. 2003లో వెలువడిన ఫలితమిది. చెవిలోనికి పోయిన ధ్వని యొక్కటే. ఎదుట మనిషి లేడు. తల్లి వంటపనిలో నుండి బిడ్డచేతికి సెల్‌ఫోను ఇచ్చుట నాకును తెలియును. ఆమెను నిందింపను, ఆమెకు వేఱొక సాయము లేదు. అది పాఠమని మాత్రము ఎవరును భ్రమపడకుందురుగాక.

చూచుటకంటె చేయుట మిన్న యనుటకు మఱియొక సాక్ష్యమును చెప్పెదను. 1963లో హెల్డు, హైను అను పరిశోధకులు చీకటిలో పెంచిన పిల్లికూనలను జంటలుగా తీసికొని, ఒక తిరుగుడుయంత్రమునకు కట్టిరి. ఒక కూన తన కాళ్లతో నడచును. రెండవది తొట్టెలో కూర్చుండి, మొదటిదాని నడకవలన త్రిప్పబడును. రెంటికిని కనబడు దృశ్యమొక్కటే. కొన్నాళ్లకు చూడగా, నడచిన కూన అంచు కనబడినచోట కాలు చాచి జాగ్రత్తపడెను. తొట్టెలోని దానికి ఆ యెఱుక లేదు. కన్నులు రెంటికిని ఉన్నవి. కాళ్లతో చూచినది ఒక్కటియే. మన తరగతులలో చేతులు కట్టుకొని కూర్చున్న బిడ్డలను చూచినపుడెల్ల నాకీ రెండవ కూన జ్ఞప్తికి వచ్చును.

ఇట్టిదే మన దేశములో జరిగిన సంగతి యొకటి. పుట్టుకతో గ్రుడ్డివాడై, గోళమును ఘనమును తాకి తెలిసికొనువానికి హఠాత్తుగా చూపు వచ్చినచో, కంటితో చూచి ఏది యేదో చెప్పగలడా? 1688లో మోలినో అను నైర్లండు దేశీయుడు తత్త్వవేత్తయైన లాకునకు వ్రాసిన ప్రశ్న యిది. ఆచార్య పవన్ సిన్హా నడపుచున్న ‘ప్రకాశ్’ పథకమువారు ఉత్తరభారతమున పుట్టుకతోనే చూపులేక పెరిగిన పిల్లలకు శస్త్రచికిత్స చేయించి, ఎనిమిది మొదలు పదునేడేండ్లవఱకు ప్రాయముగల అయిదుగురిని పరీక్షించి, 2011లో ఫలితమును ప్రకటించిరి. చూపు వచ్చిన తొలినాళ్లలో, చేతితో తాకిన వస్తువును కంటితో గుఱుతింపలేకపోయిరి. కొద్దిదినములు గడచిన పిమ్మట గుఱుతింపసాగిరి. చేతికిని కంటికిని స్నేహము పుట్టుకతో రాదు. కలిసి పనిచేయగా వచ్చును. ఇసుకకాగితపు అక్షరములమీద వ్రేలు నడిపించి, నోట ధ్వనిని పలికించు మాంటిసోరి పద్ధతికి ఇందులో నాధారము కనబడుచున్నది. ఇసుకలో ‘ఓనమాలు’ దిద్దించిన మన పాత వీథిబడికిని కనబడుచున్నది. అయితే, ఆ బడిలోని తొడపాశములకు ఈ ప్రశంసలో పాలు లేదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. హ్యూబెల్, వీజెల్ అను శాస్త్రజ్ఞులు పిల్లికూనల కొకకన్ను తొలి మాసములలో మూసియుంచి, పిమ్మట తెఱచిరి. కన్ను బాగుగనే యున్నది. మెదడు దానిని విడిచివేసినది. పెద్దపిల్లులకు అట్లు మూసినచో ఏమియు కాలేదు. ఈ కృషికి 1981లో వారికి నోబెల్ బహుమానము లభించినది. మన యిండ్లలో ‘మెల్లకన్ను అదృష్టము’ అని మురిసిపోవు ముత్తవ్వలు నేటికిని కలరు. చిన్నబిడ్డ కన్ను మెల్లగ నున్నచో, ఒక కంటిని మూసినపుడు వాడు ఏడ్చుచున్నచో, రెండవకంటి చూపు మందగించుచుండవచ్చును. మూడు నాలుగేండ్లలో కనిపెట్టి, మంచికంటికి పట్టీ వేసియో, అద్దములు పెట్టియో ఆ కంటిని పనికి పురికొల్పవచ్చును; ఏడెనిమిదేండ్లు దాటినకొలది ఆ పని కఠినమగును. చెవులనుండి చీము కారు బిడ్డయు ఇట్టివాడే. మొండివాడని, మందబుద్ధియని వానిని వెనుకవరుసలో కూర్చుండబెట్టుదురు. పాపము, వానికి పాఠము వినబడనే లేదు! శిశుపాఠశాలలో చేర్చుకొను ప్రతిబిడ్డకును కంటిపరీక్షయు చెవిపరీక్షయు చేయింపక ఒక్క కొయ్యదిమ్మెనైనను కొనరాదని నా గట్టి యభిప్రాయము.

మాంటిసోరి పక్షము వహించినవారు ఆక్షేపణలనుగూడ వినవలెను. 1901లో థారన్‌డైకు, వుడ్‌వర్తు అను అమెరికా పండితులు దీర్ఘచతురస్రముల వైశాల్యమును కంటితో అంచనా కట్టుటలో జనులకు శిక్షణమిచ్చి చూచిరి. నేర్చిన పరిమాణములలో నైపుణ్యము పెరిగెను. వేఱు పరిమాణములలోను, వేఱు ఆకారములలోను అంతగా పెరుగలేదు. 1914లో కిల్పాట్రిక్ అను ఆచార్యుడు ఈ యాధారముతోనే మాంటిసోరి సామగ్రిని తీవ్రముగా విమర్శించెను. ఆ దిమ్మెలతో ఆడిన బిడ్డకు దిమ్మెలలోనే నేర్పు వచ్చుననియు, ఇంద్రియములన్నియు తీక్ష్ణములగుననుట పాతమతమనియు అతని వాదము. ఈ వాదములో సత్యమున్నది. గులాబిగోపురము కట్టిన బిడ్డకు మామిడిపండ్ల బరువు చేతితో తూచుట రాదు. కాని 2006లో మిల్వాకీ నగరమున చీట్లు వేసి చేర్చుకొనిన మాంటిసోరి బడిపిల్లలను, చీటీ రాక వేఱుబడులకు పోయినవారితో పోల్చి చూడగా, ఐదేండ్ల ప్రాయమున అక్షరజ్ఞానమునందును, లెక్కలందును, మనసును అదుపులో నుంచుకొనుటయందును ముందుండిరి. ఇది దిమ్మెల మహిమ యని చెప్పుటకు వీలులేదు. బడియంతయు కలిసి చేసిన పని. నా మట్టుకు నేను గ్రహించినదేమన, ఆ వస్తువు బిడ్డకు ఏరుట, జతచేయుట, వరుసపెట్టుట, తన తప్పును తానే పట్టుకొనుట నేర్పును. ఇవి కొయ్యలో లేవు, క్రమములో నున్నవి.

‘వీడు చూచి నేర్చువాడు, వాడు విని నేర్చువాడు’ అని ముద్రలు వేయు మాట యొకటి బడులలో తిరుగుచున్నది. అట్లు విభజించి బోధించినచో మేలు కలుగుననుటకు చాలిన సాక్ష్యము లేదని 2008లోనే పండితులు పరిశీలించి తేల్చిరి. వ్రేలిముద్రలు తీసి బిడ్డ బుద్ధిని చెప్పెదమని వేలరూపాయలు గుంజు వ్యాపారమును గుఱించి చెప్పనే యక్కఱలేదు. సోదె చౌక.

వస్తువులు కొనవలెనా, చేసికొనవలెనా? ఈ దేశమున ఈ పని చేసినవారి త్రోవ మనకు తెలిసియున్నది. గుజరాతున భావనగరమందు గిజూభాయి బధేకా 1920లో బాలమందిరము స్థాపించి, మాంటిసోరి సూత్రములకు మన కథలను, పాటలను, ఆటలను జతచేసెను. 1939లో మాంటిసోరియే చెన్నపట్టణపు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చినది. నాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు చెన్నరాష్ట్రములోనివే. యుద్ధము వలన ఇటలీవారు శత్రుదేశీయులై, ఆమె కొన్నియేండ్లు ఇచ్చటనే నిలిచిపోవలసివచ్చెను. గిజూభాయితో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రతీరమందలి బోర్డీ గ్రామమున, పిమ్మట కోస్‌బాడ్ కొండప్రాంతపు ఆదివాసుల నడుమ బాలవాడీలు నడపినది. పట్టణపు సామగ్రి ఖరీదు పల్లెకు భరింపరానిదని, గింజలు, గవ్వలు, ఆకులు, రాళ్లతోనే పాఠములను కూర్చినది. బాలవాడి తలుపు తట్టినను రాని పిల్లలయొద్దకు, వారు పశువులు మేపుచోటికి, బడినే పంపించిన ఘనత యామెది.

మనకు ఆమెకంటెను సులువు. మాంటిసోరి తొలినాటి రంగుల పలకలు దారము చుట్టినవే యని మీలో నెందఱికి తెలియును? నేటి పెట్టెలో 9 రంగులు, రంగునకు 7 ఛాయలు, వెరసి 63 పలకలు. తొలుత వానిని పట్టుదారము చుట్టి చేసిరి. అట్లే, కన్నులకు గంత కట్టుకొని వ్రేళ్లతో తడిమి జతచేయుటకు ఆమె పెట్టెలో పట్టు, నూలు, ఉన్ని, ముఖమల్ గుడ్డముక్కలుండెడివి. ప్రపంచప్రసిద్ధమైన యా సామగ్రి మన మగ్గముల క్రింద ఊడ్చి పాఱవేయుచున్నాము! అద్దకపు తొట్టిలో రంగును పలుచన చేయుచు ముంచినచో నీలికి ఏడు ఛాయలు ఒక్క పూటలో వచ్చును. లావు, పొడవు క్రమముగా మాఱు కండెలను మన వడ్రంగి చేసియిచ్చును. మూతలు బిగించిన డబ్బీలలో కందులు, ఆవాలు, ఇసుక రెండేసి చొప్పున పోసినచో చప్పుడులను జతచేయు ఆట సిద్ధము. మూడేండ్లలోపు వారి చేతికి మాత్రము విడిగింజలు ఈయరాదు. ముక్కులోను గొంతులోను చిక్కుకొనును.

ఇంతమాత్రమున బిడ్డలను మరల మగ్గముయొద్ద కూర్చుండబెట్టుడని నేను చెప్పుచున్నట్లు ఎవరును భావింపరాదు. కండెలు చుట్టిన చిన్ననాటి చేతులు నేర్చినది సత్యమే. ఆ చేతులు బడిని ఎఱుగకపోవుటయు సత్యమే. బిడ్డ నలువదిమార్లు చేసిన పని తనకై చేసినపుడు విద్య. బత్తెమునకై చేయించినపుడు కూలి. వస్తువొక్కటే కావచ్చును, ఆపవలెననిపించినపుడు ఆపు స్వేచ్ఛ యెవరిదనునది చూడవలెను.

కాబట్టి రేపటి తీర్మానమునకు నా సవరణలు వినిపించెదను. తెరపలకల పద్దు తొలగింపవలెను. మాంటిసోరి సామగ్రిలో కొలత తప్పరాని స్తంభికల దిమ్మెలను, గోపురమును మాత్రము కొని, తక్కినవి మనవారిచేతనే చేయింపవలెను. మిగిలిన ధనముతో మన పిల్లలలోనుండి ఇద్దఱు యువతులను ఎంచి మంచి శిక్షణాలయమునకు పంపవలెను. వారి జీతము గుమాస్తా జీతమునకు తక్కువ కారాదు. మూడు మొదలు ఆఱేండ్ల వారిని కలిపి ఒకే గదిలో నుంచవలెను, పెద్దవారిని చూచి చిన్నవారు నేర్తురు. మొదటి రెండేండ్లు బోధన తెలుగున జరుగవలెను. ఏటేట కంటివైద్యుని, చెవివైద్యుని పిలిపింపవలెను. ఈ కడపటి దానికి కార్యవర్గమువారు అంగీకరింపనిచో తక్కినవానిని గుఱించి నేను పట్టుపట్టను. ఇది మాత్రము విడువను.

వేదిక ప్రక్కనున్న బల్లమీద దారము చుట్టిన నీలిపలకలు ఏడును, గుడ్డముక్కల జతలు పండ్రెండును, కన్నులకు కట్టుకొనుటకు గంతలును ఉంచితిని. భోజనానంతరము ఒక గంటసేపు అచ్చటనే యుందును. పెద్దలు తరువాత చూడవచ్చును; ముందు పిల్లలను పంపుడు.